చేతిపని తెలిసినవారు గురువు ఎప్పుడవుతారు? శ్రీకాళహస్తి కలంకారీ చెప్పే లెక్క

పద్మ పురస్కారాలో శిల్పగురు అవార్డులో ప్రకటించినప్పుడల్లా చేతివృత్తుల వారి పేరు పక్కన ఒక మాట తప్పకుండా కనబడుతుంది: ఎంతోమందికి శిక్షణ ఇచ్చారు. ఆ మాటకు ఒకే అర్థం లేకపోవడమే చిక్కు. పది రోజుల శిబిరంలో కలం పట్టడం చూపించినా శిక్షణే, పదేళ్లు ఇంట్లో పెట్టుకుని రంగు కాచడం దాకా అప్పగించినా శిక్షణే. 2023లో చేతివృత్తుల వారి కోసం కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం వచ్చాక సర్టిఫికెట్, టూల్‌కిట్, స్టైపెండ్ అనే మాటలు ఊళ్లలోకి చేరాయి. చేతిపనిని ఎన్నాళ్లలో నేర్పవచ్చు, ఎవరు నేర్పాలి, నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నలూ వాటితో పాటే వచ్చాయి.

గుడ్డ మీద కలంతో చేత్తో బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీని దగ్గరగా చూస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపే ఉన్న ఆ ఊళ్లో కొన్ని ఇళ్లకే పరిమితమైన పని డెబ్బై ఏళ్ల లోపు ఊరంతటి పనిగా మారింది. ఆ మార్పులో చేతిపనివారే బోధకులయ్యారు.

అవార్డు గ్రహీత, శిల్పగురు, శిక్షకుడు, గురువు: నలుగురూ ఒకటి కాదు

హస్తకళల్లో జాతీయ అవార్డును కేంద్ర ప్రభుత్వం 1965లో మొదలుపెట్టింది. పోటీకి పంపిన వస్తువు ఎంత బాగుందన్నదే అందులో ముఖ్యం. అంటే అది చేతికి ఇచ్చే గుర్తింపు. 2002లో వచ్చిన శిల్పగురు అవార్డు ఇంకో మెట్టు పైది. పనితనంతో పాటు ఆ విద్యను తర్వాతివారికి అందించడంలో ఆ వ్యక్తి పాత్రను కూడా అందులో చూస్తారు. పద్మశ్రీ పౌర పురస్కారం, దానికి వృత్తుల గిరి లేదు.

శిక్షకుడు అన్నది ఉద్యోగపు మాట. ఒక కేంద్రమో పథకమో ఒక కాలానికి, ఒక పాఠ్యక్రమానికి, ఒక గౌరవ వేతనానికి నియమించుకున్న వ్యక్తి. గురువు అన్న మాటకు నియామక పత్రం ఉండదు. శిష్యుడు విడిగా కూర్చుని, చెప్పేవారు పక్కన లేకుండా, మొదటినుంచి చివరిదాకా పని పూర్తి చేయగలిగినప్పుడు వెనక్కి తిరిగి చూసి ఇచ్చే పేరది.

వీటితో కలిసిపోయే ఇంకో సంగతి ఉంది. పని నేర్పడం వేరు, పని ద్వారా చదువు నేర్పడం వేరు. 1937లో వార్ధా సమావేశం నుంచి గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీమ్ రెండో రకానిది. నూలు వడుకుతూ పిల్లవాడు లెక్కలు, భూగోళం నేర్చుకోవాలన్నది అక్కడి ఆలోచన, మంచి సాలెవాడిని తయారు చేయడం కాదు. హస్తకళాకారులు బడులకు వెళ్లి చేసే ప్రదర్శనలు ఈ కోవలోకి వస్తాయి. వాటిని వృత్తి శిక్షణ లెక్కలో వేస్తే సంఖ్య పెరుగుతుంది గానీ కలంకారీ చేసేవారు పెరగరు.

ఇంటి విద్య తరగతి గదికి వచ్చిన తీరు

శ్రీకాళహస్తి పనికి పాత పేరు వ్రాతపని. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. ఇక్కడ ప్రతి గీతా కలంతో చేత్తో వేసేదే. దేవాలయాల్లో కట్టే తెరలు, పైకప్పుగా పరిచే చాందినీలు, రామాయణ భారత కథలను వరుస గళ్లలో చెప్పే పెద్ద గుడ్డలు దీని అసలు సరుకు. బొమ్మ కింద తెలుగులో కథ రాయడమూ పనిలో భాగమే. అందువల్ల కళాకారుడికి చెయ్యి ఒక్కటే సరిపోదు, పురాణం తెలియాలి, రాత రావాలి.

ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మిల్లు గుడ్డ, రసాయన రంగుల ముందు ఈ పని చేసేవారు కొద్దిమందే మిగిలారు. అఖిల భారత హస్తకళల బోర్డు తరఫున కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవ తీసుకోగా 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. అక్కడ బోధించిన పాతతరం పనివారిలో జొన్నలగడ్డ లక్ష్మయ్య ముఖ్యులు. ఆయన కుమారుడు, 1937లో పుట్టిన జొన్నలగడ్డ గురప్పచెట్టి తండ్రి దగ్గరే పని నేర్చుకుని కళాకారుడిగా, రచయితగా, బోధకుడిగా పేరు తెచ్చుకున్నారు. 2008లో పద్మశ్రీ అందుకున్నారు.

ఈ తండ్రీకొడుకుల జీవితాల్లో మన ప్రశ్నకు పనికొచ్చే విషయం అవార్డుల వరుస కాదు. ఇంట్లో నేర్పేటప్పుడు వరుస అక్కర్లేదు. ఏ రోజు ఇంట్లో ఏ పని నడుస్తుంటే పిల్లవాడు అందులో చెయ్యి వేస్తాడు. ఈరోజు పేడనీళ్లు కలపడం, రేపు రంగు కింద మంట చూడటం, మధ్యలో ఎప్పుడో ఒక గీత. ఏళ్లు గడిచేసరికి అన్నీ వచ్చేస్తాయి, ఎప్పుడు వచ్చాయో చెప్పలేడు. తరగతి గదిలో ఇది నడవదు. పురాణం తెలియని, రంగు కుండ ఎప్పుడూ చూడని పదిమంది ఒకేసారి వచ్చి కూర్చుంటారు. వారికి ముందు ఏది, తర్వాత ఏది, ఎంత, ఎందుకు అన్నవి చెప్పాలి. చేతిపనివారు బోధకులు కావడం మొదలయ్యేది ఇక్కడే, చెయ్యి ఎరిగినదాన్ని ముక్కలు చేసి వరుసలో పెట్టినప్పుడు.

వరుసలో పెట్టాల్సినది ఏమిటి: గుడ్డ నుంచి చివరి ఉతుకు దాకా

ఆ ముక్కలు చూడకపోతే మిగతా వాదన గాలిలో ఉంటుంది.

మొదట గాడా గుడ్డ, అంటే మిల్లులో తెలుపు చేయని ముతక నూలు గుడ్డ. దాన్ని పేడ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి, ఆరుతుంటే నీళ్లు చల్లుతారు. గంజి, నూలులోని సహజమైన జిడ్డు పోయి గుడ్డ తెల్లబడాలి. ఇక్కడ తొందరపడితే ఆ లోపం వారం పది రోజుల తర్వాత గానీ బయటపడదు. గంజి మిగిలిన చోట రంగు పట్టక మచ్చలు తేలతాయి, అప్పటికి బొమ్మంతా గీసేసి ఉంటారు.

తర్వాత కరక్కాయ పొడి, పచ్చి బర్రెపాలు కలిపిన ద్రావణంలో గుడ్డను ముంచి, సమంగా పిండి, ఆరబెడతారు. రెండింటికీ వేర్వేరు పనులు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, నలుపు రావడానికి అది కావాలి. పాలలోని కొవ్వు రంగు దారాల వెంట పాకకుండా ఆపుతుంది. పాలు తగ్గితే గీత అంచులు పీచులు పీచులుగా చెదురుతాయి. కరక్కాయ తగ్గితే నలుపు బూడిదరంగులో ఆగిపోతుంది. కొత్తవారికి రెండు తప్పులూ ఒకేలా, గీత బాగా రాలేదు అన్నట్టే కనిపిస్తాయి. కారణం మాత్రం వేరు.

చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ నమూనా వేస్తారు. ఆ పైన కసిం గీత. కసిం అంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవం. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది తగలగానే టానిన్, ఇనుము కలిసి నల్లబడతాయి. చెప్పాలంటే కసిం నల్ల సిరా కాదు. మామూలు గుడ్డ మీద రాస్తే తుప్పు చాయ తప్ప నలుపు రాదు.

కలం అన్నది వెదురుపుల్ల. సన్న గీతకు కొన పదునుగా చెక్కినది, రంగు నింపడానికి కొన మొద్దుగా ఉన్నది. కొనకు కాస్త పైన ఉన్నో గుడ్డపేలికో చుట్టి దారంతో బిగిస్తారు. కలం ముంచితే ఆ చుట్ట ద్రవాన్ని పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే కొనకు దిగుతుంది. గీత మందం కొనలో కంటే నొక్కులోనే ఎక్కువ ఉంటుంది. నొక్కు ఎక్కువైతే బొట్టు జారుతుంది. కసిం బొట్టు పడ్డాక చెరిపే దారి లేదు, దాన్ని పువ్వుగానో నగగానో బొమ్మలో కలుపుకోవాలి.

ఎరుపు రావాల్సిన చోట్ల పటిక నీళ్లు రాస్తారు. రాసినప్పుడు ఇవి కంటికి దాదాపు ఆనవు, ఎక్కడ రాశారో ఎక్కడ మరిచారో చెయ్యే గుర్తుపెట్టుకోవాలి. కనీసం ఒక రోజు ఆగి పారే నీటిలో ఉతుకుతారు. పారే నీరు అన్నది ఇక్కడ ఆచారం కాదు, అవసరం. దారానికి పట్టని అదనపు పటిక వదిలి కొట్టుకుపోవాలి. నిలవ నీటిలో ముంచితే ఆ పటిక గుడ్డంతా పాకి, తర్వాత ఉడికించినప్పుడు తెల్లగా ఉండాల్సిన చోట కూడా ఎరుపు చాయ పట్టేస్తుంది.

ఆ గుడ్డను ఎరుపునిచ్చే మంజిష్ఠ, సురుడు చెక్క వంటివి వేసిన నీటిలో, రాగి అండాలో, కర్రలతో తిప్పుతూ ఉడికిస్తారు. పటిక రాసిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. ఇనుప పాత్ర వాడితే ఇనుము కలిసి ఎరుపు మసకబారుతుంది. తర్వాత మళ్లీ పేడ నీళ్లు, ఎండ. ఆ పైన మళ్లీ పాలు, ఎందుకంటే ఉడికేటప్పుడు మొదటి పాలు పోయాయి. అవి లేకుండా పసుపు వేయబోతే పాకుతుంది. చివరగా కరక్కాయ పువ్వు నుంచి తీసిన పసుపు, నీలిమందు నుంచి నీలం. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ఆఖరి ఉతుకుతో పని పూర్తి.

రాసి ఇవ్వగలిగేది ఎంత, రాసి ఇవ్వలేనిది ఎంత

పైన చెప్పిన వరుసను ఎవరైనా చదివి గుర్తుపెట్టుకోవచ్చు. కానీ ఎంత అన్న ప్రశ్న దగ్గర ఇళ్లు విడిపోతాయి. కరక్కాయ పొడి ఎంత, పాలు ఎన్ని, పటిక ఎంత చిక్కన అన్నవి ఇంటింటికీ మారతాయి. కొందరు దీన్ని దాపరికం అంటారు. కొంత దాపరికం ఉండవచ్చు గానీ అసలు కారణం సరుకులోనే ఉంది. కరక్కాయలన్నిటిలో టానిన్ ఒకే పాళ్లలో ఉండదు. పాలలో కొవ్వు బర్రెను బట్టి, మేతను బట్టి మారుతుంది. కసిం ఎండాకాలంలో త్వరగా పులుస్తుంది, చలికాలంలో ఆలస్యమవుతుంది. అందుకే అనుభవజ్ఞులు కొలత కంటే పరీక్షను నమ్ముకుంటారు.

కసిం పరీక్ష చాలా చిన్నది. కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క మీద ఒక గీత. గీసిన వెంటనే చిక్కటి నలుపు తిరిగితే కసిం పండింది. గీత బూడిదరంగులో ఆగిపోతే ఇంకా పులియాలి. ఇక మరీ ఘాటుగా ఉన్న కసింతో వేసిన నల్ల గీత అప్పటికి నిండుగా కనిపిస్తుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ గీత ఉన్నచోటే దారం పెళుసైపోతుంది. పాత గుడ్డల్లో మిగతా రంగులు నిలిచి నల్ల గీతల వెంటే గుడ్డ చిట్లడం ఇందువల్లే.

ఇలాంటి పరీక్షలను పట్టుకుని అందించడమే మంచి బోధకుల పనితనమని నా అభిప్రాయం. కొలత చెప్పేవారు ఒక ఊరికి, ఒక కాలానికి, ఒక సరుకుకు సరిపోయే జవాబు ఇస్తారు. పరీక్ష నేర్పేవారు సరుకు మారినా జవాబు వెతుక్కునే దారి ఇస్తారు. మూడోదీ ఉంది, దాన్ని కొలతగానూ ఇవ్వలేరు, పరీక్షగానూ ఇవ్వలేరు: కలం మీది నొక్కు. పక్కన కూర్చుని, శిష్యుడి గీత చూసి, ఇక్కడ వేలు బిగిసింది అని చెప్పేవారు ఉండాలి. దీనికి పట్టే కాలాన్ని ఏ పాఠ్యక్రమమూ కుదించలేదు.

పదిహేను రోజుల శిక్షణ, మూడు వారాల కసిం

విశ్వకర్మ పథకంలో ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, మొత్తం 40 గంటలు. పై స్థాయి శిక్షణ 15 రోజులు లేదా ఆపైన, 120 గంటలు. రోజుకు రూ.500 స్టైపెండ్, పరికరాలకు రూ.15,000 ప్రోత్సాహకం. పథకంలో ఉన్న 18 వృత్తుల్లో కలంకారీ లేదు. కలంకారీలో సగం ప్రాణం ఉతుకులోనే ఉంటుంది, ఆ ఉతుకు చేసే రజకులు మాత్రం జాబితాలో ఉన్నారు! శిల్పులూ ఉన్నారు. ఏదైనా ఒక వృత్తిని ఇలాంటి గంటల చట్రంలో పెడితే ఏమవుతుందో చూడటానికి కలంకారీ మంచి నమూనా.

బొమ్మలు ఒక మోస్తరుగా ఉన్న రెండు మీటర్ల గుడ్డ అనుకుందాం. గుడ్డ సిద్ధం చేయడానికి 3–4 రోజులు. బొగ్గు, కసిం గీతలకు 6–8 రోజులు. పటిక రాయడం, ఆగడం, ఉతకడం 3–4. ఉడికించడం, మళ్లీ తెలుపు చేయడం 3–4. రెండోసారి పాలు 1 రోజు. పసుపు, నీలం, ఆఖరి ఉతుకు 4–5. కూడితే 20 నుంచి 26 రోజులు, వానపడి ఎండ దొరక్కపోతే ఇంకా ఎక్కువ. అంటే 15 రోజుల శిక్షణలో ఒక్క గుడ్డ కూడా మొదటినుంచి చివరిదాకా పూర్తికాదు.

మరి శిబిరాల్లో ఎలా పూర్తవుతుంది? బోధకులు ముందుగానే తెలుపు చేసి, కరక్కాయ పట్టించిన గుడ్డ తెస్తారు. పండిన కసిం సీసాలో పోసి తెస్తారు. అరమీటరు గుడ్డ మీద చిన్న బొమ్మ వేయిస్తారు. ఇందులో మోసమేమీ లేదు, ఇచ్చిన గంటల్లో కుదిరేది అంతే. కానీ ఏది నేర్పారో ఏది నేర్పలేదో గమనించాలి. గీత వేయడం, రంగు నింపడం వచ్చాయి. గుడ్డ తెల్లబడిందా లేదా, కసిం పండిందా లేదా, పాలు సరిపోయాయా లేదా అన్న మూడు నిర్ణయాలూ బోధకుల దగ్గరే ఉండిపోయాయి. శిబిరం ముగిశాక సీసా అయిపోతే శిష్యుడి పని ఆగిపోతుంది, లేదా బజారు రసాయన రంగు వైపు తిరుగుతుంది.

కొలత ముందే రాసి ఉన్న విద్య: తిరుపతి శిల్ప కళాశాల

చేతివిద్యలన్నీ ఇలాగే రాతకు లొంగవని అనుకోవడం కూడా పొరపాటే. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప కళాశాల 1960లో మొదలైంది. ఆలయ నిర్మాణం, శిలాశిల్పం, సుధాశిల్పం (గారతో చేసే బొమ్మలు), లోహశిల్పం, దారుశిల్పం, సంప్రదాయ వర్ణచిత్రలేఖనం అక్కడ నాలుగేళ్ల డిప్లొమాలు. కలంకారీకి రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు ఉంది.

శిల్పంలో బోధన సంగతి వేరు, ఎందుకంటే కొలత శతాబ్దాల కిందటే గ్రంథాలకు ఎక్కింది. విగ్రహం ఎత్తునే భాగాలు చేసి అంగుళం తీస్తారు, దాన్ని దేహలబ్ధాంగుళం అంటారు. టేపు మీది అంగుళానికి దీనితో సంబంధం లేదు. ఇలాంటి పన్నెండు అంగుళాలు కలిస్తే ఒక తాళం. నవతాళం అనే కొలతలో విగ్రహం ఎత్తు తొమ్మిది తాళాలు, అంటే మొత్తం 108 అంగుళాలు. 54 సెంటీమీటర్ల విగ్రహమైతే ఒక్కో శాస్త్రపు అంగుళం 5 మిల్లీమీటర్లు. ముఖం ఒక తాళం, అంటే 6 సెంటీమీటర్లు. ఎత్తు రెట్టింపైతే అన్నీ రెట్టింపవుతాయి, నిష్పత్తి చెదరదు.

కిరీటం, పీఠం ఈ ఎత్తులోకి రావు. రాయి మొత్తం ఎత్తు 54 సెంటీమీటర్లు ఉండి, అందులో కిరీటానికి 6 పోయాయనుకుందాం. విద్యార్థి దాన్ని కూడా కలిపి లెక్క వేస్తే ముఖం 6 సెంటీమీటర్లు గీస్తాడు. అసలు శరీరం 48 సెంటీమీటర్లే కనుక అంగుళం దాదాపు 4.4 మిల్లీమీటర్లు, ముఖం 5.3 సెంటీమీటర్ల చిల్లర ఉండాలి. ఏడు మిల్లీమీటర్ల తేడాతో తల పెద్దదై దేవుడు మరుగుజ్జులా కనిపిస్తాడు. ఉలి పెట్టకముందే, కాగితం మీదే బోధకులు ఈ తప్పు పట్టుకోగలరు. కరక్కాయ తగ్గిన గుడ్డలో తప్పును కాగితం మీద పట్టుకునే వీలు లేదు.

అందుకే శిల్పానికి నాలుగేళ్ల తరగతి, పరీక్ష, డిప్లొమా సహజంగా కుదురుతాయి. అయినా ఆ నాలుగేళ్లలో ఎక్కువ భాగం రాయి ముందే గడుస్తుంది. ఉలి దెబ్బ కోణం, రాతి పొర ఎటు విడిపోతుందో చెవితో పట్టడం వంటివి ఈ తాళాల కొలతలో లేవు.

నేర్పినందుకు పడే ఖర్చు ఎవరిది

గురువులు విద్య దాచుకుంటారు అన్న మాట తరచూ వినిపిస్తుంది. దాన్ని గుణం మీదికి నెట్టే ముందు డబ్బు లెక్క చూడాలి. అంకెలు ఊహించి వేసినవే, లెక్క తీరు ముఖ్యం.

ఒక పెద్ద పనివారి రోజు విలువ రూ.900, పని తొమ్మిది గంటలు అనుకుందాం, గంటకు రూ.100. ఇద్దరు శిష్యులను పెట్టుకుంటే రోజుకు రెండు గంటలు వారికి పోతాయి, రూ.200. పాడయ్యే గుడ్డ, రంగు రూ.50. రోజుకు రూ.250, నెలకు 25 పనిరోజులైతే రూ.6,250, ఆరు నెలలకు రూ.37,500. ఏడో నెల నుంచి శిష్యులు రంగు నింపడంలో పనికొస్తారు. వారి కూలి పోగా ఇద్దరి వల్ల రోజుకు రూ.400 మిగిలి, నేర్పే ఖర్చు రూ.100కు తగ్గితే నికరంగా రూ.300, నెలకు రూ.7,500. పెట్టింది తిరిగి రావడానికి ఇంకో ఐదు నెలలు. శిష్యులు ఎనిమిదో నెల చివర్లో వెళ్లిపోతే గురువు చేతికి వచ్చింది రూ.15,000, పోయింది రూ.22,500.

పాత పద్ధతిలో శిష్యుడు ఏళ్ల తరబడి గురువు ఇంట్లో చిన్న పనులు చేయడానికి ఈ లెక్కే కారణం. అది ఒక రకం ఫీజు. దానిలో శ్రమదోపిడీకి చోటుంది, కులానికీ కుటుంబానికీ బయటివారు రాకుండా అడ్డుకునే గోడ కూడా అందులోనే ఉంది. శిక్షణ కేంద్రం చేసిన అతి పెద్ద మార్పు ఈ ఖర్చును ప్రభుత్వం మీదికి మార్చడం. గురువుకు జీతం, శిష్యుడికి స్టైపెండ్ వచ్చాక ఎవరు నేర్చుకోవచ్చు అన్న ప్రశ్నకు జవాబు మారిపోయింది. శ్రీకాళహస్తిలో ఇవాళ కలంకారీ పనిలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అనితా రెడ్డి నెలకొల్పిన ద్వారక వంటి సంస్థలు వారితోనే పని నడిపించాయి. ఇంటి విద్యగానే మిగిలి ఉంటే ఇది జరిగేదని నమ్మడం కష్టం.

ఇల్లా, కేంద్రమా: రెండు పక్షాల వాదనలు

ఇంటి విద్య వైపు నిలిచేవారి మాట ఇది. కేంద్రాలు గీత వేసేవారిని కాదు, రంగు నింపేవారిని తయారు చేశాయి. ఒకరు బొమ్మ గీస్తారు, ఇంకొకరు నింపుతారు, మరొకరు ఉడికిస్తారు. పురాణం చదివి గళ్లు పంచుకుని కథ నడపగలిగినవారు వేళ్ల మీద లెక్కించేంతమంది. పెద్ద గుడ్డ కింద పద్యమో వచనమో రాయగలిగినవారు ఇంకా తక్కువ. చీర అంచు, దుపట్టా, సంచి అమ్ముడవుతుంటే రామాయణం గుడ్డ ఎవరు నేర్చుకుంటారు?

ఈ వాదనలో బలముంది. గురప్పచెట్టి వంటివారిలో కలం పట్టిన చెయ్యీ కథ రాసే చెయ్యీ ఒకటే కావడం పాఠ్యక్రమం నుంచి వచ్చింది కాదు.

కేంద్రాల వైపు నుంచి వచ్చే జవాబూ తేలికైనది కాదు. 1950ల్లో ఇంటి విద్య తన దారిన తాను నడుస్తూనే ఉంది, ఆరిపోయే స్థితికి వచ్చింది కూడా. కుటుంబం ఒక తరంలో వేరే ఉద్యోగానికి మళ్లితే విద్య అక్కడితో ఆగుతుంది. కేంద్రంలో అలా కాదు. పైగా పని పంచుకోవడం కొత్తదేమీ కాదు. పెద్ద చాందినీలు ఎప్పుడూ పది చేతుల పనే, రంగు నింపడం శిష్యుల వంతే. తేడా ఏమిటంటే అప్పుడు రంగు నింపేవాడికి రేపు గీత వేసే దారి కనిపించేది. ఇప్పుడు అది రోజుకూలి పనిగా అక్కడే ఆగే ప్రమాదం ఉంది. ఇది శిక్షణలో లోపమా, బజారులో లోపమా అన్నదాని మీద రెండు పక్షాలూ కలవవు.

మూడో గొంతు డిజైనర్లది, వ్యాపారులది. గీత, రంగు రెండూ నేర్పి ధర కట్టడం నేర్పకపోతే శిష్యుడు తన గుడ్డను స్క్రీన్ ప్రింటు ధరకే అమ్ముకుంటాడని వారంటారు. తిరుపతి దుకాణాల్లో కలంకారీ పేరుతో కనిపించే గుడ్డలో చాలా భాగం యంత్రం మీద అచ్చువేసిన నమూనా మాత్రమే. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, కానీ ఆ గుర్తింపు కొనేవారి కంటికి తేడా చూపించదు. గుడ్డ తిప్పి చూస్తే కొంత తెలుస్తుంది. చేతి గీత మందం ఒకే గీతలో మారుతుంది, రెండు నెమళ్లు అచ్చంగా ఒకటి కావు, సహజ రంగు వెనుకవైపుకూ దిగి ఉంటుంది. ఈ తేడాను కొనేవారికి విడమరిచి చెప్పగలగడం కూడా శిష్యుడికి అందాల్సిన విద్యే అన్నది వారి వాదన. ఇంటి గురువులు దీన్ని ఎప్పుడూ నేర్పలేదు, ఎందుకంటే వారి గుడ్డ కొన్న గుడికి తేడా ముందే తెలుసు.

నీరు మారితే పాఠం మారుతుంది

ఇంట్లో నేర్చినవారికీ కేంద్రంలో నేర్చినవారికీ ఒకేలా ఎదురయ్యే సమస్య స్వర్ణముఖి. పటిక ఉతుకుకు పారే నీరు కావాలని పైన చెప్పుకున్నాం. స్వర్ణముఖి వానల మీద ఆధారపడ్డ ఏరు, ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. దాంతో ఉతుకు తొట్లకు, బోరు నీటికి మారుతూ వచ్చింది. తొట్టిలో ఉతకాలంటే నీళ్లు పలుమార్లు మార్చాలి, గుడ్డను ఆగనివ్వకుండా కదపాలి. మొదటి నీళ్లలోనే ఎక్కువ పటిక వదులుతుంది కనుక వాటిని వెంటనే పారబోయాలి. బోరు నీటిలో ఇనుము ఉంటే ఎరుపు మసకబారుతుంది, కరక్కాయ గుడ్డ ముందే బూడిద చాయకు తిరుగుతుంది. ఏటిలో ఉతికిన తాతకు ఇవేవీ నేర్పాల్సిన అవసరం రాలేదు. గుడ్డ ముక్క మీద కరక్కాయ పట్టించి, బోరు నీటిలో ఒక రాత్రి ఉంచి, పొద్దున చాయ చూస్తే నీటిలో ఇనుము సంగతి తెలిసిపోతుంది. కసిం పండిందో లేదో చూసే పరీక్షనే ఇలా తిరగేసి వాడాలని తట్టినవారు కొత్త నీటితోనూ పని నడుపుకోగలరు. వరుస మాత్రమే కంఠస్థం చేసినవారు ఎరుపు ఎందుకు మసకబారిందని మంజిష్ఠను అనుమానిస్తారు.